ఏనుగు, ఈగ, పందిపిల్ల

తెలుగు తెర మీద జంతువులకు మొదటి నుంచీ కొదవ లేదు. రాకుమారుడు గుర్రమెక్కి వచ్చాడు, నాగుపాము దేవత తరఫున పగ తీర్చుకుంది, పట్టపుటేనుగు పూలదండ వేసి పేదవాణ్ని రాజును చేసింది. ఇవన్నీ కథలో పని చేసి వెళ్లిపోయే పాత్రలు. జంతువే ఇంట్లో మనిషైపోయి, దాని వల్ల నాలుగు నవ్వులు పుట్టి, చివర్లో దాని కోసం ప్రేక్షకుడు కళ్లు తుడుచుకునే కుటుంబ హాస్యచిత్రాలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టే పాటివే. వాటిలో ముఖ్యమైనవి మూడు: 1993లో వచ్చిన ‘రాజేంద్రుడు గజేంద్రుడు’, 2012లో వచ్చిన ‘ఈగ’, 2018లో వచ్చిన ‘అదుగో’. మొదటిదానిలో నిజం ఏనుగు ఉంది. రెండోదానిలోని ఈగ కంప్యూటర్‌లో పుట్టింది. మూడోదానిలోని పందిపిల్లదీ అదే దారి. పాతికేళ్లలో పనిముట్లన్నీ మారిపోయినా తయారీలోని అసలు కిటుకు మారలేదు. జంతువు దాని మానాన అది ఉంటుంది. దాన్ని చూసి పక్కనున్న మనిషి పడే పాట్లే హాస్యాన్ని పుట్టిస్తాయి.

ఈ తరహా సినిమాలకు దక్షిణాదిలో బాట వేసింది మద్రాసులోని దేవర్ ఫిలిమ్స్. శాండో ఎం.ఎం.ఎ. చిన్నప్ప దేవర్ జంతువుల్ని ముఖ్యపాత్రల్లో పెట్టి వరసగా సినిమాలు తీశారు. 1967లో తమిళంలో తీసిన ‘దైవచ్చెయల్’ కథనే 1971లో హిందీలో రాజేష్ ఖన్నాతో ‘హాథీ మేరే సాథీ’గా తీస్తే దేశమంతా ఆడింది. మరుసటి ఏడాది అదే కథ ఎం.జి.ఆర్. హీరోగా ‘నల్ల నేరం’ అయింది. తెలుగువాళ్లకు ఈ వరసలో గుర్తుండేది 1978 నాటి ‘పొట్టేలు పున్నమ్మ’. శ్రీప్రియ, మురళీమోహన్, మోహన్‌బాబు నటించిన ఆ సినిమాలో పేరులోనే పొట్టేలు ఉంది. తమిళ ‘ఆట్టుక్కార అలమేలు’ దాని మాతృక. అంతకు ఏడాది ముందు కె. రాఘవేంద్రరావు దర్శకత్వంలో వచ్చిన ‘అడవి రాముడు’ కోసం యూనిట్ ముదుమలై అడవులకు తరలివెళ్లింది. ఎన్టీఆర్ పక్కన ఏనుగులు కనిపిస్తే హాల్లో ఈలలు పడ్డాయి.

అయితే ఆ సినిమాల్లో జంతువు పని వీరత్వం. ఆపదలో ఉన్న యజమానిని కాపాడటం, విలన్‌ను తరమడం, అవసరమైతే ప్రాణం ఇవ్వడం. దాన్ని పోషించడానికి ఎంత ఖర్చవుతుంది, ఎక్కడ పడుకోబెట్టాలి, పక్కింటివాళ్లు ఏమంటారు అన్న ప్రశ్నలు ఎవరూ అడగలేదు. ఆ ప్రశ్నలు అడిగిన రోజున జంతువు సినిమా కుటుంబ హాస్యచిత్రం అయింది.

లాటరీలో తగిలిన ఏనుగు

ఎస్.వి. కృష్ణారెడ్డికి దర్శకుడిగా ‘రాజేంద్రుడు గజేంద్రుడు’ తొలి సినిమా. దానికి ముందు 1991లో మనీషా ఫిలిమ్స్ సంస్థే తీసిన ‘కొబ్బరి బోండాం’కు ఆయన కథ, సంగీతం అందించారు. అందులోనూ రాజేంద్రప్రసాదే హీరో. అదే సంస్థలో, అదే నిర్మాత కె. అచ్చిరెడ్డితో, అదే హీరోతో ఈసారి మెగాఫోన్ పట్టారు. సంగీతం కూడా తానే చేసుకున్నారు. సౌందర్య కథానాయిక, గుమ్మడి, కోట శ్రీనివాసరావు, బ్రహ్మానందం వంటి వారు తారాగణం.

కథలోని కీలకం ఒక్క వాక్యంలో చెప్పవచ్చు: చేతిలో చిల్లిగవ్వ లేని నిరుద్యోగికి లాటరీలో ఏనుగు బహుమతిగా వస్తుంది. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అని సామెత. అద్దె కట్టలేనివాడికి బతికున్న ఏనుగు దొరికితే ఆ వెయ్యి ఎటువైపు పోతుందో చెప్పడానికే సినిమా మొదటి సగం సరిపోయింది. పెద్ద ఏనుగు రోజుకు నూట యాభై కిలోల దాకా మేత తింటుంది, వంద లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. ఈ లెక్క ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ శివార్లలోని మీర్‌పేట్‌లోనో కర్మన్‌ఘాట్‌లోనో 120 గజాల స్థలంలో ఇల్లు కట్టుకున్న కుటుంబం తమ గేటు ముందు ఏనుగును ఊహించుకుంటే చాలు, రచయితకు సగం పని తప్పుతుంది.

రెండో సగంలో ఆ ఏనుగుకు ఒక గతం బయటపడుతుంది. అంతకు ముందు దాన్ని పెంచిన మనిషి హత్యకు గురయ్యాడు. ఏనుగు దానికి సాక్షి. ఇక్కడ సినిమా దేవర్ ఫిలిమ్స్ దారిలోకి వస్తుంది. నవ్వుల సినిమాలో పగ ఎందుకని ఇప్పుడు అనిపించవచ్చు. కానీ రెండున్నర గంటల సినిమాను కేవలం మేత కష్టాలతో లాగలేరు. విశ్రాంతి తర్వాత కథకు ఒక బరువు కావాలి. ఆ బరువు ఏనుగు మీదే పెట్టడం కృష్ణారెడ్డి తెలివి. మొదటి సగంలో ప్రేక్షకుడు దాన్ని ఇంటి మనిషిగా ఒప్పుకున్నాడు కాబట్టి రెండో సగంలో దాని దుఃఖాన్నీ ఒప్పుకున్నాడు.

నిజం ఏనుగుతో పని ఎలా సాగుతుందంటే, దర్శకుడు చెప్పేది ఏనుగుకు కాదు, మావటికి. మావటి మెడ మీద కూర్చుంటే చెవుల వెనక కాలి వేళ్లతో నొక్కి నడిపిస్తాడు. హాస్య సన్నివేశంలో మావటి కనిపించకూడదు. అందుకని అతను కెమెరా పక్కనో, ఏనుగుకు అవతలి వైపునో నిలబడి గొంతుతో ఆదేశాలిస్తాడు. ఏనుగు చూపు ఎప్పుడూ మావటి వైపే ఉంటుంది. అందువల్ల ఏనుగు హీరోను చూస్తున్నట్టు కనిపించాలంటే హీరో వెనకాల మావటి నిలబడాలి. తొండం చాచాలంటే చివర అరటిపండో బెల్లం ముక్కో ఉండాలి. ఒకసారి తిన్నాక రెండో టేక్‌కు అది అంత ఉత్సాహం చూపకపోవచ్చు. కాబట్టి రిహార్సల్స్ అన్నీ మనుషులతోనే ముగించి, ఏనుగును చివర్లో ఫ్రేములోకి తేవడం ఈ తరహా షూటింగుల పద్ధతి. నటుడు పది టేకుల్లో పదిసార్లూ ఒకేలా చేయగలగాలి, ఎందుకంటే ఏనుగు సరిగ్గా చేసిన ఆ ఒక్క టేకే సినిమాలో ఉంటుంది. అలాంటి చోట రాజేంద్రప్రసాద్ వంటి టైమింగ్ ఉన్న నటుడు దొరకడం నిర్మాతకు సగం బడ్జెట్ మిగిలినట్టే.

ఎండ ఇంకో సమస్య. ఏనుగుకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. చెవులు విసురుకుని ఒంట్లో వేడి తగ్గించుకుంటుంది. కాలిన తారురోడ్డు మీద దాన్ని నిలబెట్టకూడదు. కాబట్టి దాని షాట్లు పొద్దున్నే, లేదా సాయంత్రం పెట్టుకోవాలి. తెర మీద మాత్రం ఆ చెవుల విసురు మరోలా పనికొస్తుంది. హీరో ఒక ప్రశ్న అడుగుతాడు, వెంటనే ఏనుగు చెవులు ఆడించే షాట్ వేస్తారు, ప్రేక్షకుడికి అది ‘సరే’ అన్నట్టు వినిపిస్తుంది. అదే షాట్‌ను విలన్ ముఖం తర్వాత వేస్తే కోపం అవుతుంది. దీన్ని వందేళ్ల కిందట రష్యాలో లెవ్ కులెషోవ్ ప్రయోగం చేసి చూపించాడు: భావం లేని ఒకే ముఖం పక్కన వేర్వేరు దృశ్యాలు అతికిస్తే, చూసేవాళ్లు ఆ ముఖంలో వేర్వేరు భావాలు చదువుకున్నారు. ఏనుగు ముఖం ఈ ప్రయోగానికి పుట్టినట్టే ఉంటుంది. దాని నటన పుట్టేది ఎడిటింగ్ టేబుల్ మీద.

అనుమతుల కాలం

‘రాజేంద్రుడు గజేంద్రుడు’ నాటికీ నేటికీ మధ్య చట్టం అమలు చాలా మారింది. జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టం 1960 నాటిది. ప్రదర్శనలో వాడే జంతువుల నమోదు గురించి అందులో నిబంధన ఉన్నా, సినిమావాళ్లకు దాని వేడి తగిలింది 2001లో ప్రదర్శన జంతువుల నమోదు నియమాలు వచ్చాకే. ఆ నియమాల ప్రకారం షూటింగ్‌కు ముందే భారత జంతు సంక్షేమ మండలికి దరఖాస్తు పెట్టాలి. ఏ జంతువు, ఎన్ని, ఏ సన్నివేశంలో ఏం చేస్తాయి, ఎవరివి, ఆరోగ్యంగా ఉన్నట్టు పశువైద్యుడి పత్రం ఏది, ఇవన్నీ చెప్పాలి. సినిమా పూర్తయ్యాక మండలి నిరభ్యంతర పత్రం లేకపోతే సెన్సార్ దగ్గర ఫైలు ఆగిపోతుంది. ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహం ఈ ఐదింటిని ప్రదర్శన జంతువులుగా వాడకూడదని 1998లోనే కేంద్రం ప్రకటించింది. 2011లో ఎద్దును కూడా ఆ జాబితాలో చేర్చారు. ఈ నియమాల వల్లే ఈ రోజుల్లో పల్లెటూరి సినిమాలో కోడిపందెమో, గిత్తల పరుగో వస్తే తెర మూలన ‘సిజిఐ’ (కంప్యూటర్ గ్రాఫిక్స్) అని చిన్న అక్షరాలు కనిపిస్తాయి. సంక్రాంతి సన్నివేశాన్ని లీనమై చూస్తున్నవాడికి అది కంట్లో నలుసులా ఉంటుంది, కానీ నిర్మాతకు తప్పదు.

ఏనుగు సంగతి ఇంకా కష్టం. అది వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉంది. పెంపుడు ఏనుగుకు యాజమాన్య ధ్రువపత్రం ఉండాలి, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి తీసుకెళ్లాలంటే అటవీశాఖ అనుమతి కావాలి. హైదరాబాద్‌లో సినిమాకే కాదు, పండగకే ఏనుగు దొరకడం గగనమైంది. బోనాల ఊరేగింపుకూ, మొహర్రంలో బీబీ కా ఆలం ఊరేగింపుకూ ఒకప్పుడు జూపార్కులోని రజని అనే ఏనుగు వచ్చేది. తర్వాత కర్ణాటక వంటి పొరుగు రాష్ట్రాల నుంచి తెప్పించుకోవాల్సి వచ్చింది. శతాబ్దాల ఊరేగింపుకే ఇంత కష్టమైతే, నలభై రోజుల కామెడీ షూటింగ్‌కు ఏనుగును ఇచ్చేదెవరు? 2021లో రానా హీరోగా ప్రభు సాల్మన్ తీసిన ‘అరణ్య’ వంటి ఏనుగుల సినిమా అరుదుగా వస్తుంది. అది కూడా అడవుల మీద ఆందోళనతో తీసిన గంభీరమైన కథ. ఇంటి వాకిట్లో ఏనుగును కట్టేసి నవ్వించే సినిమా మళ్లీ రాలేదు.

స్పృహ తప్పిన ఈగ

ఎస్.ఎస్. రాజమౌళి ‘ఈగ’కు మూలం ఒక సరదా మాట. మనిషి మీద ఒక ఈగ పగ తీర్చుకుంటే ఎలా ఉంటుందని 1990ల్లో ఆయన తండ్రి, రచయిత విజయేంద్రప్రసాద్ మాటల మధ్య అన్నారు. 2010లో ‘మర్యాద రామన్న’ తర్వాత ఆ మాట కథగా మారింది. 2010 డిసెంబర్ 7న హైదరాబాద్‌లో సినిమా ప్రారంభమైంది. 2011 ఫిబ్రవరి 22న షూటింగ్ మొదలైంది. వారాహి చలనచిత్రం పతాకం మీద సాయి కొర్రపాటి నిర్మించారు. ఛాయాగ్రహణం కె.కె. సెంథిల్‌కుమార్, సంగీతం ఎం.ఎం. కీరవాణి. తెలుగులోనూ, ‘నాన్ ఈ’ పేరుతో తమిళంలోనూ ఒకేసారి తీశారు.

ఇది పగ కథే. అయినా కుటుంబమంతా కూర్చుని నవ్వుకునే సినిమా అయింది. కారణం, దీన్ని చిన్నపిల్లకు తండ్రి నిద్రపుచ్చుతూ చెప్పే కథగా మొదలుపెట్టారు. ఆ ఒక్క ఎత్తుగడతో తర్కం అడిగే హక్కు పోయింది. ఇక హీరో చనిపోయి ఈగగా పుట్టినా, తన ప్రియురాలి కన్నీటితోనే బల్ల మీద తానెవరో రాసి చెప్పినా, కథ చెప్పే నాన్నను ఎవరూ నిలదీయరు.

అసలు కష్టం ఈగను తయారుచేయడంలో వచ్చింది. గ్రాఫిక్స్ బాధ్యత హైదరాబాద్‌లోని మకుట విఎఫ్ఎక్స్‌ది. పీట్ డ్రేపర్ బృందం పనిచేసింది, ఆర్.సి. కమలకణ్ణన్ పర్యవేక్షించారు. నెలల తరబడి కష్టపడి తయారుచేసిన మొదటి ఈగ చూడటానికి ఏమాత్రం బాగోలేదు. నిజం ఈగను దగ్గరగా ఫొటో తీసి మళ్లీ మొదలుపెడదామనుకున్నారు. ఈగ కదలకుండా కూర్చోదు కదా. దాన్ని సీసాలో పెట్టి కాసేపు ఫ్రిజ్‌లో ఉంచారు. చలికి అది స్పృహ తప్పింది. అది తేరుకునేలోపు మాక్రో లెన్స్‌తో కాళ్లూ, రెక్కలూ, కళ్లూ ఫొటోలు తీసుకున్నారు. జంతువుతో నటింపజేయడానికి ఏనుగు మావటి బెల్లం వాడితే, గ్రాఫిక్స్ బృందం ఫ్రిజ్ వాడింది.

ఫొటోలు వచ్చాక ఇంకో చిక్కు. ఈగ ముఖంలో ఎక్కువ భాగం కళ్లే. ఒక్కో కన్ను వేలాది చిన్న కటకాల ముద్ద. దానికి రెప్ప లేదు, కనుపాప లేదు, కనుబొమ్మ లేదు. పెదవి అసలే లేదు. నవ్వు, కోపం, సిగ్గు దేనితో చూపాలి? పిక్సార్ సంస్థ 1986లో తీసిన ‘లక్సో జూనియర్’ అనే రెండు నిమిషాల సినిమా ఇక్కడ దారి చూపింది. అందులో రెండు టేబుల్ దీపాలు తప్ప పాత్రలు లేవు. ముఖమే లేని దీపం మెడ వంచితే విచారం, గెంతితే సంబరం కనిపిస్తుంది. ఈగకూ అదే పని చేశారు. ముందు కాళ్లను చేతులు చేశారు, తల వంచడంలో ఆలోచన పెట్టారు, రెక్కల విదిలింపులో కోపం పెట్టారు. ఈగ ముందు కాళ్లు రుద్దుకోవడం ప్రతి వంటింట్లో కనిపించేదే. సినిమాలో అదే హీరో పనికి సిద్ధపడుతున్నట్టు కనిపించింది.

రెక్కల విషయంలో ఒక చిన్న లెక్క ఉంది. ఇంటి ఈగ సెకనుకు దాదాపు రెండు వందల సార్లు రెక్కలు కొడుతుంది. సినిమా కెమెరా సెకనుకు 24 ఫ్రేములు తీస్తుంది. అంటే ఒక్క ఫ్రేములో రెక్క ఎనిమిది సార్లు పైకీ కిందికీ పోతుంది. ఉన్నదున్నట్టు చూపితే రెక్కలు కనిపించవు, బూడిదరంగు మసక కనిపిస్తుంది. మరీ స్పష్టంగా చూపితే ఈగ బొమ్మలా ఉంటుంది. ఎగిరేటప్పుడు ఎంత మసక, ఆగేటప్పుడు ఎంత స్పష్టత అన్నది యానిమేటర్ షాట్ షాట్‌కూ తేల్చుకోవాలి. అలాంటి గ్రాఫిక్స్ షాట్లు ఈ సినిమాలో రెండు వేలకు పైగా ఉన్నాయి.

సెట్‌లో మాత్రం ఏమీ లేదు. విలన్‌గా నటించిన కన్నడ నటుడు సుదీప్ లేని ఈగను చూసి భయపడాలి, లేని ఈగను కొట్టబోయి తన చెంప తానే వాయించుకోవాలి, ఆవిరి స్నానంలో, వ్యాపార సమావేశంలో, కారు నడుపుతూ దాని వల్ల పిచ్చెత్తిపోవాలి. ఇలాంటి షాట్లలో నటుడి చూపు ఎక్కడ నిలవాలో ముందే గుర్తు పెట్టుకుంటారు. సినిమావాళ్లు దాన్ని ‘ఐ లైన్’ అంటారు. చూపు రెండంగుళాలు తప్పితే తర్వాత గ్రాఫిక్స్‌లో ఈగను ఎక్కడ పెట్టినా అబద్ధంలా ఉంటుంది. షాట్ అయిపోగానే అదే చోట ఒక మెరిసే ఉక్కు గోళాన్నీ, ఒక బూడిదరంగు గోళాన్నీ పట్టుకుని ఫొటో తీయడం గ్రాఫిక్స్ పనిలో రివాజు. మెరిసే గోళంలో గదిలోని దీపాలన్నీ ప్రతిబింబిస్తాయి. బూడిదరంగు గోళం మీద వెలుగునీడల తీరు తెలుస్తుంది. ఈ రెండు గోళాల సాయంతోనే కంప్యూటర్‌లోని ప్రాణి మీద సరిగ్గా ఆ గదిలోని వెలుగే పడుతుంది.

సినిమాలో హీరో నాని కనిపించేది కొద్దిసేపే. సమంత పాత్ర సూక్ష్మ కళాకారిణి. గింజంత వస్తువులు చెక్కే అమ్మాయి కాబట్టే ఈగకు సరిపడే రక్షణ తొడుగు, ఆయుధాలు తయారుచేయగలిగింది. గ్రాఫిక్స్ కంటే రచనలోనే ఎక్కువ తెలివి ఉన్న చోటు ఇది. ఆమె వృత్తిని అలా పెట్టకపోతే రెండో సగం నిలబడేది కాదు. ఇక సినిమా మొత్తాన్ని భుజాన మోసింది సుదీప్. ఈగ ప్రాణంతో ఉందని ప్రేక్షకుణ్ని నమ్మించింది ఆయన ముఖం. గ్రాఫిక్స్‌కు వచ్చిన పేరులో కొంత ఆయనకూ చెందాలి.

2012 జులై 6న సినిమా విడుదలైంది. అదే ఏడాది అక్టోబర్‌లో ‘మఖ్ఖీ’గా హిందీలోకి వెళ్లింది, కథ చెప్పే గొంతులు అక్కడ అజయ్ దేవగన్, కాజోల్‌లవి. 60వ జాతీయ పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ స్పెషల్ ఎఫెక్ట్స్ అవార్డులు దక్కాయి.

ఏటీఎం వరసలో పందిపిల్ల

2016 నవంబర్‌లో పెద్ద నోట్లు రద్దయిన రోజుల్లో ఒక ఫొటో దేశమంతా తిరిగింది. ఏటీఎం ముందు వరసలో దర్శకుడు రవిబాబు నిలబడి ఉన్నారు, చంకలో ఒక పందిపిల్ల. చూసినవాళ్లు నవ్వుకున్నారు, కొందరు మండిపడ్డారు. ఆ పందిపిల్ల ఆయన తీస్తున్న ‘అదుగో’ కోసం. అభిషేక్ వర్మ, నభా నటేష్ నటించిన ఆ సినిమాలో బంటీ అనే పందిపిల్లదే ముఖ్యపాత్ర. నిజం పందిపిల్లతో ఊరంతా తిరిగిన దర్శకుడు తెర మీదికి మాత్రం గ్రాఫిక్స్ పందిపిల్లను తెచ్చారు. అందుకే ఫొటోకూ సినిమాకూ మధ్య రెండేళ్లు పట్టింది. 2018 నవంబర్ 7న, దీపావళికి విడుదలైంది.

పందిపిల్లను గ్రాఫిక్స్‌లో చేయడానికి చట్టం ఒక్కటే కారణం కానక్కర్లేదు. పంది ఎంత త్వరగా పెరుగుతుందో పెంచేవాళ్లకు తెలుసు. పుట్టినప్పుడు కిలోన్నర లోపు ఉండే పిల్ల కొన్ని వారాల్లో పోల్చలేనంత అవుతుంది. షూటింగ్ షెడ్యూళ్లు మాత్రం నెలల తరబడి నడుస్తాయి. 1995లో ఆస్ట్రేలియాలో తీసిన ‘బేబ్’ చిత్రంలో ఒక్క పందిపిల్ల పాత్ర కోసం 48 పందిపిల్లల్ని వాడారు. ఒకటి పెరిగిపోగానే ఇంకోదాన్ని దింపారు. మాటలాడే చోట్ల యంత్రపు బొమ్మలూ, కంప్యూటర్‌తో కదిపిన నోళ్లూ వాడారు. ఆ పనికి ‘బేబ్’ విజువల్ ఎఫెక్ట్స్ ఆస్కార్ గెలుచుకుంది. తెలుగు నిర్మాతకు 48 పిల్లల్నీ, వాటికి శిక్షకుల్నీ పెట్టుకునే స్తోమత ఉండదు. కంప్యూటర్‌లో చేస్తే బంటీ పెరగదు, రెండో టేక్‌కు అలగదు.

అయినా ‘అదుగో’ ఆడలేదు. దీనికి కథలోని లోపాలు ఎన్ని చెప్పుకున్నా, తయారీ వైపు నుంచి ఒక కారణం కనిపిస్తుంది. ఈగను ఎవరూ దగ్గరగా చూసి ఉండరు. దాని నడకలో తప్పు జరిగినా పట్టుకునే ప్రేక్షకుడు లేడు. పందిపిల్ల, కుక్కపిల్ల అలా కాదు. నగరం అంచున ఉన్న కాలనీల్లో ఖాళీ ప్లాట్ల పక్కన వాటిని రోజూ చూస్తూనే పెరుగుతారు పిల్లలు. ఎలా పరిగెత్తుతుందో, ఎలా మూతితో మట్టి తవ్వుతుందో, ఒంటి చర్మం ఎండలో ఎలా మెరుస్తుందో వాళ్లకు తెలుసు. పల్చటి చర్మం గుండా వెలుగు కొంత లోపలికి పోయి మళ్లీ బయటికి రావడం కంప్యూటర్‌లో రాబట్టడం చాలా ఖర్చుతో కూడిన పని. అది కుదరకపోతే జంతువు ప్లాస్టిక్ బొమ్మలా తేలుతుంది. పైగా సుదీప్ లాంటి ఎదుటి పాత్ర ఉంటే లోపాలు కప్పుకుపోతాయి. ‘అదుగో’లో చాలా మంది మనుషులున్నారు, చాలా ముఠాలున్నాయి, పందిపిల్ల వల్ల ఒక్క మనిషి జీవితం తలకిందులు కావడం అన్న సూటి కథ వాళ్ల మధ్య తప్పిపోయింది.

మోత నుంచి మ్యాట్నీ దాకా

షూటింగ్, గ్రాఫిక్స్ అయ్యాక జంతువుకు గొంతు ఇవ్వాలి. ఏనుగు ఘీంకారం అందరికీ తెలిసిన శబ్దం. కానీ ఏనుగులు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే లోతైన గుర్రు మనిషి చెవికి అందని స్థాయిలో ఉంటుంది. మన చెవి 20 హెర్ట్జ్‌ల నుంచి వింటుంది, ఏనుగు గుర్రు అంతకన్నా కిందికి పోతుంది. ఈగ మోత దాని రెక్కల నుంచే వస్తుంది. సెకనుకు రెండు వందల కొట్టుళ్లంటే రెండు వందల హెర్ట్జ్‌ల స్వరం, అంటే హార్మోనియం మీద వాయించి చూపగలిగే శ్రుతి. దాన్ని కాస్త పెంచితే కోపం, తగ్గిస్తే నీరసం. సౌండ్ డిజైనర్‌కు ఇంతకంటే అనువైన వాయిద్యం దొరకదు. హాస్యచిత్రంలో నేపథ్య సంగీతం కూడా జంతువు తరఫున మాట్లాడుతుంది. ‘రాజేంద్రుడు గజేంద్రుడు’లో దర్శకుడే సంగీత దర్శకుడు కావడం వల్ల ఏ చూపు తర్వాత ఏ బిట్ పడాలో చర్చే లేకుండా తేలిపోయే వీలుంది.

ఈ పనులన్నీ ఇప్పుడు హైదరాబాద్‌లోనే అయిపోతాయి. 1990ల మొదట్లో ఎన్నో పనులకు మద్రాసు వెళ్లక తప్పేది కాదు. 1996లో రామోజీ ఫిల్మ్ సిటీ తెరిచాక స్టూడియోలు ఎల్బీనగర్ దాటి విజయవాడ రోడ్డు మీదికి వచ్చాయి. గ్రాఫిక్స్ సంస్థలు ఎక్కువగా నగరానికి పడమటి వైపున చేరాయి.

చివరి మెట్టు సెన్సార్, విడుదల. కుటుంబ చిత్రానికి ‘యు’ సర్టిఫికెట్ కావాలని నిర్మాత కోరుకుంటాడు, లేకపోతే పిల్లల్ని తెచ్చే తల్లిదండ్రులు వెనకాడతారు. దిల్‌సుఖ్‌నగర్‌లోని హాళ్లకు సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్, మీర్‌పేట్ వైపు నుంచి వచ్చే ఇంటిల్లిపాదే ఇలాంటి సినిమాకు ఆధారం. మొదటి రోజు అభిమానులు ఉదయం ఆటకు వస్తారు. జంతువు సినిమాకు అభిమాన సంఘం ఉండదు. ఆదివారం మ్యాట్నీకి పిల్లలు వచ్చి, సోమవారం బడిలో చెప్పుకుంటే రెండో వారం నిలుస్తుంది. పిల్లల సినిమా వేసవి సెలవుల్లోనే రావాలని వ్యాపారవర్గాల మాట. గజేంద్రుడు వచ్చింది ఫిబ్రవరిలో, ఈగ వచ్చింది బడులు తెరిచాక జులైలో. పండగ సెలవు చూసుకుని వచ్చింది పందిపిల్ల ఒక్కటే.